ఆదివారం, కర్నూలు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే ధ్యానం గ్రూపులో మళ్ళీ అదే పోస్టు. తామరపువ్వు బొమ్మ, దాని మీద "ఎవరు చెప్పినా నమ్మకు, నేను చెప్పినా నమ్మకు, నీ బుద్ధికి నచ్చితేనే నమ్ము – బుద్ధుడు". కింద వరసగా దండాలు. బుద్ధుడి ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో, కాలాములనే జనానికి ఆయన చెప్పిన కాలామ సుత్తానికి వచ్చిన తిప్పలివి. అసలు సుత్తంలో వ్యవహారం ఇంత సులువుగా లేదు. విన్నామని, పరంపరగా వస్తోందని, గ్రంథంలో ఉందని, తర్కానికి నిలిచిందని, చివరికి ఈయన మా గురువు కదా అని కూడా దేన్నీ పట్టుకోవద్దంటాడు. ఇది కీడు చేస్తుందని మీకు మీరే తెలుసుకున్నప్పుడు వదలండి అంటాడు. నచ్చితే చాలన్న వెసులుబాటు ఎక్కడా ఇవ్వలేదు. విన్నమాట నమ్మొద్దన్న సంగతిని ఫార్వర్డ్ చేసి నమ్మించడం మనవాళ్ళకే చెల్లింది.

అలాగని ఫోన్‌ని తిట్టలేను. ఈ సుత్తం నేను సరిచూసుకుంది ఫోన్‌లోనే. 1954-56లో రంగూన్‌లో జరిగిన ఆరో సంగాయనంలో, అంటే భిక్షువుల మహాసభలో, పరిష్కరించిన పాళీ త్రిపిటకం, బౌద్ధుల మూల గ్రంథాలు, ఇప్పుడు తెలుగు లిపిలోనే దొరుకుతోంది, పైసా ఖర్చు లేకుండా. "మా అనుస్సవేన, మా పరంపరాయ" (విన్నామని వద్దు, పరంపర అని వద్దు) అని బస్టాండులో నిలబడి చదువుకోవచ్చు. మా నాయన కాలంలో ఈ ఊళ్ళో ఎవరికి దక్కిందిది?

ఐదున్నరకి జూమ్‌లో సామూహిక ధ్యానం. అందరూ కెమెరాలు ఆపేసి ఉంటారు. సగంమందికి పేర్లు కూడా ఉండవు. 'రెడ్‌మీ', 'వివో', 'అమ్మ ఫోన్'. ఇవాళ ఎవరో మైకు ఆపడం మరిచారు. మాకు విపశ్యన ధ్యానం నేర్పిన గోయెంకా గారి పాళీ పఠనం రికార్డింగు మధ్యలో కుక్కర్ విజిల్, ఆ వెంటనే "ఒరేయ్, ట్యాంకు నిండింది, మోటార్ ఆపురా!" నవ్వు ఆపుకునేసరికి శ్వాస మీది ధ్యాస ఎటో పోయింది.

ఆన్‌లైన్‌లో ధ్యానమేంటని మూతి విరిచేవాళ్ళున్నారు. గోయెంకా గారు 2013లోనే పోయారు. పది రోజుల శిబిరాల్లో ఇప్పటికీ వినిపించే సూచనలు, సాయంత్రం ప్రసంగాలు ఆయన రికార్డింగులే. మన ఫోన్లు మాత్రం మొదటిరోజే అప్పజెప్పాలి. కాబట్టి గొంతు యంత్రంలోంచి వస్తే నాకేం బాధ లేదు. కెమెరా ఆపేశాక నేను కూర్చున్నానో, కాఫీ తాగుతున్నానో అడిగేవాడు లేడు. అదీ లోటు.

సాయంత్రం సి క్యాంపులో రిటైర్డ్ హెడ్మాస్టరు సారు వాళ్ళ మేడ మీద కూర్చున్నాం. బయల్దేరుతుంటే మా ఆవిడ, "బుద్ధుడు ఇంట్లో చెప్పకుండా పోయినాడంట. మీరు నయం, చెప్పి పోతున్నారు" అంది. మేడ మీద గది పెనంలా కాలుతోంది. మొదలుపెట్టిన కాసేపటికే కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే పక్కాయన మోకాలు టక్కుమనడం, కింద వీధిలో ఆటోవాడి బేరం, అన్నీ వినిపించాయి. ఎవరూ లేవలేదు. ఒక్కణ్ణే అయితే నేను లేచేవాణ్ణే.

మాలో సగంమంది 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ తీసుకున్న బౌద్ధ దీక్ష దారివాళ్ళు. వాళ్ళకి బౌద్ధమంటే ముందు సమానత్వం, తర్వాతే కళ్ళు మూసుకోవడం. ధ్యాన శిబిరాల నుంచి వచ్చిన మావాళ్ళకేమో బౌద్ధులమని చెప్పుకోవాల్సిన పనే లేదు. గ్రూపులో రోజూ దీని మీద రుసరుసలే. సారు వాళ్ళ మేడ మీద మాత్రం అందరం కలిసి 'బుద్ధం సరణం గచ్ఛామి' అంటూ త్రిశరణం చెప్పి, కలిసే మజ్జిగ తాగుతాం. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే గ్రూపులో రాసినంత మాట నోట్లోంచి రాదు.

మజ్జిగ పోస్తూ సారు ఓ కుర్రాణ్ణి పట్టుకున్నాడు.

"ఏం నాయనా, ఈ మధ్య రాకపోతివి?"

"ఆన్‌లైన్‌లో ఉంటిని సార్."

"నీ పేరు ఉన్నింది. నువ్వు ఉంటివా?"

కుర్రాడు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. సారు వదిలేసి ఎర్రగుడి సంగతి ఎత్తుకున్నాడు. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో ఉందది, అశోకుడి శాసనాలున్న చోటు. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి, మడక తోలినట్టు. భేరి మోగించి జనానికి చెప్పమని ఆజ్ఞ కూడా ఉంది అందులో. అన్నిటికన్నా నాకు నచ్చేది అశోకుడు తన గురించి చెప్పుకున్న ముక్క. ఉపాసకుణ్ణై, అంటే బుద్ధుణ్ణి అనుసరించే గృహస్థుణ్ణై, రెండున్నరేళ్ళు దాటింది, కానీ ఒక ఏడాది పెద్దగా ప్రయత్నించలేదు, సంఘం దగ్గరికి చేరాక ఏడాదికి పైగా గట్టిగా శ్రమించాను అంటాడు. అంతటి చక్రవర్తి ఆ మాట బండ మీద చెక్కించుకున్నాడు. మన గ్రూపులో ఎవరైనా ఇలా రాసుకున్నది చూడలేదు.

వచ్చే నెల అందరం కలిసి ఎర్రగుడి పోవాలని తేలింది. టెంపో మాట్లాడే పని నాది. ఉగ్గాని మూట కట్టుకొస్తానని ఓ అక్క ఒప్పుకుంది. ఇంటికి రాగానే గ్రూపులో పెట్టాను, ఎవరెవరు వస్తారో చెప్పండని. ఇప్పటిదాకా బోలెడు 'సాధు సాధు'లు, అంతకన్నా ఎక్కువ దండాలు. వస్తాననిగానీ రాననిగానీ ఒక్కరూ అనలేదు. టెంపోవాడు రేపటికల్లా లెక్క చెప్పమన్నాడు. పొద్దున ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యాలి.