కాలువ కొస దాకా

నల్గొండ, జూలై మొదటి ఆదివారం

ఈ రోజు ఉదయం మొదటి బస్సుకే నాయన చండూరు నుంచి వచ్చాడు. మనవరాలికి అల్లనేరేడు పండ్లు తెచ్చానని, బజారులో కొంచెం పని ఉందని చెప్పాడు గాని, నిన్న తపాలాలో అందిన పాస్‌పోర్టును నాకు చూపించడానికే వచ్చాడని గడపలో ఆయన ముఖం చూడగానే తెలిసిపోయింది. చాయ తాగి, చేతులు కడుక్కొని, తువ్వాలతో రెండుసార్లు తుడుచుకొని, చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఇన్నేళ్లుగా పట్టాదారు పాసుపుస్తకాన్ని దాచుకుంటున్న కవరు అది. ఇప్పుడు దానిలో రెండు పుస్తకాలున్నాయి.

అరవై ఎనిమిదేళ్ల వయసులో ఆయనకు ఇది మొదటి పాస్‌పోర్టు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరుగా, పాసుపుస్తకంలో ఇంకో తీరుగా, ఊరి బడి ఇచ్చిన టీసీలో మరో తీరుగా ఉండడంతో వాటిని సరిచేయించడానికే మూడు నెలలు పట్టింది. ఫోటో ఉన్న పేజీని ఎంతోసేపు చూసి, మిగిలిన పేజీలను ఒక్కొక్కటిగా తిప్పి, “ఇన్ని కాగితాలు ఖాళీగ ఎందుకు పెట్టిండ్రు బిడ్డా?” అని అడిగాడు. పోయే దేశాల వీసాలు, ముద్రలు వాటి మీద పడతాయని చెప్పాను. ఆయన ఆ పేజీలను అరచేత్తో సాపు చేసి, పుస్తకాన్ని మూసి నా చేతికిచ్చాడు.

అక్టోబరు ప్రయాణం గురించి మేము నలుగురం, అంటే నేను, మా వారు, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, నాయన, ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం ఈ రోజే మొదటిసారి. మేము పోదలచింది ఇటలీ దక్షిణాన ఉన్న పూలియా ప్రాంతానికి. పదిహేనేళ్లుగా బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్న నేను ఐరోపా పటం గోడకు తగిలించిన ప్రతిసారీ బూటు ఆకారంలోని ఇటలీని పిల్లలకు చూపించాను. ఆ బూటు మడమ దగ్గరున్న నేలే పూలియా. తూర్పున ఆడ్రియాటిక్ సముద్రం, దక్షిణాన అయోనియన్ సముద్రం, మొత్తం 800 కిలోమీటర్లకు పైబడిన తీరం, లోపలికి వెళితే ఎర్రమట్టిలో సున్నపురాళ్ల గోడల మధ్య ఆలివ్ తోటలు, ద్రాక్ష తోటలు, గోధుమ పొలాలు. బీఎడ్ చదివేటప్పుడు సూర్యలంకలో ఒక్క పూట చూసిన సముద్రాన్ని మళ్లీ చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. ఎండ కాసే తీరాలు లోకంలో ఎన్నో ఉన్నా, సముద్రం పక్కనే సేద్యం కూడా కనిపించే చోటైతే నాయనకు పొద్దు పోతుందని దీన్ని ఎంచుకున్నాను. ఆయన లేకుండా వెళ్లే ఉద్దేశం నాకు మొదటి నుంచీ లేదు.

ఎప్పుడు వెళ్లాలన్నదే పెద్ద చిక్కైంది. వేసవి సెలవులైతే నాకు సులువు. మే నెలలో అక్కడ పొలాల గట్ల మీద ఎర్రని గసగసాల పూలు విరగబూస్తాయి, ఎండ కూడా తీవ్రంగా ఉండదు. కానీ మేలో నాయన బత్తాయి తోటను విడిచి రాలేడు. బోరు నీళ్లు సన్నబడే కాలం అది, పిందె నిలవాలంటే దగ్గరుండి తడులు చూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో అక్కడ మన వేసవిలాగే మండిపోతుంది. పైగా ఆగస్టు 15 పండుగకు ఇటలీలో సగం మంది సముద్రం ఒడ్డునే ఉంటారు కనుక గదులు దొరకవు. మిగిలింది దసరా సెలవులు. అప్పటికి సీజను కాయ కోత అయిపోతుంది, నాయనకు తీరిక దొరుకుతుంది. అయితే బతుకమ్మ ఆడకుండా ఊరు దాటడం నాకు ఇష్టం లేదు. చివరికి సద్దుల బతుకమ్మను పానగల్లు చెరువులో నిమజ్జనం చేసి, దసరా నాడు జమ్మి ఆకు పెద్దల చేతుల్లో పెట్టి, ఆ మరునాడు బయలుదేరాలని నిశ్చయించుకున్నాము. సెలవులకు తోడు వారం రోజులు సొంత సెలవు పెట్టుకుంటాను. అక్టోబరు చివర్లో అక్కడ పగలు ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, ఎండాకాలమంతా కాగిన సముద్రపు నీరు ఇంకా పూర్తిగా చల్లబడదు, ఆలివ్ కాయ కోత కూడా మొదలవుతుంది. ఒకటి రెండు రోజులు వాన పడవచ్చు. వాన పడితే బాధపడేవారు మా ఇంట్లో ఎవరూ లేరు.

మధ్యాహ్నం భోజనమయ్యాక నేల మీద పటం పరిచి, మా అమ్మాయి చేత దారి గీయించాను. హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా రోము, అక్కడి నుంచి రైలులో సుమారు నాలుగు గంటలకు బారీ నగరం. నాయన పటం మీదికి వంగి, బొటనవేలు, చూపుడువేలు చాచి జానతో ఆ దూరాన్ని కొలిచాడు. ఆ తరువాత, సముద్రం గురించి గాని, విమానం గురించి గాని కాక, “అక్కడ బోర్లు ఎన్నడుగులకు పడ్తయి?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది గాని, ఇంత ముందుగా దాన్ని చెప్పవలసి వస్తుందని అనుకోలేదు. పూలియా మన ప్రాంతం లాగే దాహంతో బతికిన నేల. అక్కడ వాన పడకపోలేదు. పడిన నీరు పగుళ్లున్న సున్నపురాయిలోకి ఇంకిపోయి పైన నిలవదు. చెప్పుకోదగిన నదులు కూడా లేవు. అందుకే ఇంటి కప్పు మీద పడిన వాననీటిని కింద తవ్విన తొట్టిలోకి దింపుకొని, ఏడాదంతా ఆ నీటినే పొదుపుగా వాడుకున్నారు. మేము ఒక రాత్రి ఉండదలచిన ఆల్బెరొబెల్లో ఊరిలోని ట్రుల్లి అనే గుండ్రటి రాతి ఇళ్లకు కూడా అటువంటి ఏర్పాట్లే ఉంటాయి. సున్నం గాని, మట్టి గాని లేకుండా రాతి మీద రాయి పేర్చి శంకువులా కప్పు లేపిన ఇళ్లవి. 1996లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. నేపుల్స్ రాజ్యపు పన్ను అధికారులు వచ్చేసరికి ఇళ్లు విప్పి కుప్పగా పోయడానికే అలా సున్నం లేకుండా కట్టారని చెబుతారు. చేనులో ఏరిన రాయిని గోడగా పేర్చారని చెప్పగానే నాయన తల ఊపాడు; మా చెలక గట్ల మీద మూడు తరాలుగా ఏరిపోసిన రాళ్ల కుప్పలు ఇప్పటికీ ఉన్నాయి.

నీళ్ల కథ మాత్రం అక్కడితో ఆగలేదు. అపెన్నైన్ కొండలకు అవతల, పక్క ప్రాంతంలో సెలె అనే నది పుట్టి పడమటి సముద్రంలోకి పారుతుంది. దాని ఊటలను కపొసెలె దగ్గర పట్టి, కొండల కింద సొరంగం తొలిచి, మోటార్లు లేకుండా వాలు మీదనే తూర్పుకు మళ్లించే పని 1906లో మొదలైంది. 1915 ఏప్రిల్‌లో ఆ నీరు బారీ నగరానికి చేరి, నడిబొడ్డున ఫౌంటెన్‌లో పైకి ఎగసింది. సరిగ్గా మరుసటి నెలలోనే ఇటలీ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ప్రధాన కాలువే 200 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఆ తరువాత పూలియాలో ఊరూరా పోత ఇనుముతో చేసిన కుళాయి స్తంభాలు నిలిపారు. అవి చాలాచోట్ల ఇప్పటికీ ఉన్నాయి.

ఇదంతా నేను చెబుతున్నంతసేపూ నాయన నోరు విప్పలేదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం పూర్తయితే తన చెలకకు కృష్ణ నీళ్లు వస్తాయని ఆయన నడివయసు నుంచి ఎదురుచూస్తున్నాడు. 2025 ఫిబ్రవరిలో దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు రోజుల తరబడి టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ రోజుల్లో నీళ్ల మాట ఎవరైనా తెస్తే ఆయనకు కోపం వచ్చేది. అందుకే కొంతసేపు మౌనంగా ఉండి ఆయన అడిగిన రెండో ప్రశ్న నన్ను కదిలించింది. “కొసకు పారినయా మరి?”

కాలువ కింద సేద్యం చేసే ఎవరైనా అడిగే ప్రశ్న అది. తూము దగ్గరి మడి పారడం గొప్ప కాదు. చిట్టచివరి మడికి నీరు అందిందా లేదా అన్నదే లెక్క. ఆ నీళ్లు కొస దాకా పారాయి. ఏళ్లు పట్టినా పారాయి. మడమ చివరి అంచున, సాంతా మరీయా ది లెవుకా అనే ఊరిలో, లైట్‌హౌస్ ఉన్న కొండ మీద నుంచి సముద్రం దాకా మెట్ల పక్కగా రాతి జలపాతం ఒకటి కట్టి, ఆ కాలువ ముగింపుకు గుర్తుగా నిలిపారు. దానిలోకి నీరు ఏడాదికి కొన్నిసార్లే వదులుతారు కనుక మేము వెళ్లే నాటికి అది ఎండి ఉండవచ్చని కూడా చెప్పాను. “ఎండి ఉంటేంది, జాగ చూస్తం,” అన్నాడు. లెచ్చే నగరంలో మూడు రాత్రులని వేసుకున్న నా లెక్కలోంచి ఒక రాత్రి తీసి లెవుకాకు మార్చాను. చర్చీల ముందు గంటల తరబడి నిలబడడం కన్నా నాయనకు ఇదే నచ్చుతుందని మా వారు కూడా అన్నారు.

నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. బడిలో తీసిన ఏ ఫోటోలోనూ నేను నోరు తెరిచి నవ్వలేదు. మా అమ్మ మోకాళ్లు, నడుము పట్టేసి పదేళ్లు దాటింది; చిన్నప్పటి నుంచి తాగిన బావినీటి ఫ్లోరైడే కారణమని వైద్యులు చెప్పారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి లోకమంతటా మా జిల్లా పేరే పెట్టి నల్గొండ పద్ధతి అంటారని తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. ఇప్పుడు ఈ పట్నం ఉదయ సముద్రం నీళ్లు తాగుతున్నది, ఊళ్లకు పైపుల నీరు వస్తున్నది. మా అమ్మాయి పళ్లు తెల్లగా ఉన్నాయి. అయినా, ఒక ఎండిన నేలకు మంచినీరు వచ్చిన తోవను నా కళ్లతో చూడాలనిపిస్తున్నది. సముద్రం కోసం మొదలైన ఈ ప్రయాణం నాకు కూడా ఆ కాలువ వెంటనే సాగుతుందని ఈ మధ్యాహ్నం అర్థమైంది.

ఆలివ్ చెట్ల గురించి కూడా దాచకుండా చెప్పాను. ఒస్తూని ఊరి కింద సముద్రం దాకా పరచుకున్న మైదానంలో వందల ఏళ్ల నాటి చెట్లు మెలితిరిగిన మొదళ్లతో నిలిచి ఉన్నాయి. కానీ దక్షిణపు కొసలో, 2013లో జైలెల్లా అనే బ్యాక్టీరియా బయటపడి, ఇప్పటికి లక్షల కొద్దీ చెట్లను ఎండబెట్టింది. చెట్టులో నీరు పైకెక్కే నాళాలను అది మూసేస్తుంది. ఒక చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. అంటే నేలలో తడి ఉన్నా చెట్టు దాహంతో చస్తుంది. 2015-16 కరువులో బోరు ఎండిపోతే నాయన ట్యాంకరు నీళ్లు కొని రెండు వందల బత్తాయి చెట్లకు పోశాడు. సగం కూడా దక్కలేదు. ఎండిన వాటిని కొట్టించి కట్టెల కింద అమ్మిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. లెవుకాకు వెళ్లే దారిలో అటువంటి తోటలు కనిపిస్తాయి, ఆ దారిని తప్పించమంటారా అని అడిగాను. వద్దన్నాడు. వాళ్లు మళ్లీ ఏ మొక్క పెడుతున్నారో చూడాలన్నాడు.

తిండికి ఇబ్బంది ఉండదు. బారీ పాత నగరంలో ఆడవాళ్లు గుమ్మాల ముందు కూర్చుని గోధుమ రవ్వ పిండిని బొటనవేలితో నొక్కి చిన్న చెవుల ఆకారంలో చేసే ఓరెక్కియెత్తె ఉంటుంది. ఎండు బాకలా గింజలను మెత్తగా ఉడికించి, చేదు ఆకుకూరతో కలిపి పెట్టే వంటకం మన పప్పుకూరకు దగ్గరగానే ఉంటుంది. అయినా కారప్పొడి సీసా ఒకటి సర్దుకుంటాను.

ఇక కాగితాల పని. హైదరాబాదులోని కేంద్రంలో వీసా దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల గడువుండాలి. రుసుము మనిషికి 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. నాకు శాఖ అనుమతి పత్రం కావాలి, దాని కోసం రేపే అర్జీ పెడతాను. నాయనకు ఆదాయపు పన్ను లెక్కలు లేవు కనుక, ఖర్చు నాదేనని రాసి, పాసుపుస్తకం నకలు జతచేస్తాను. అక్కడి పల్లెల్లో తిరగడానికి కారు కావాలి. మా వారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, కుడివైపున నడపడం అలవాటు చేసుకోవాలి. వచ్చే నెల చిట్టీ పాడితే టికెట్ల డబ్బు సమకూరుతుంది.

అమ్మ రాదు. ఎంత చెప్పినా, అంతసేపు కూర్చోలేనంటుంది. ఆ పది రోజులు చెల్లె వచ్చి ఉంటానన్నది, బర్రెను మామ చూసుకుంటానన్నాడు. ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నా, ఆమెను విడిచిపోవడం నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉన్నది.

సాయంత్రం ఐదింటి బస్సుకు నాయన లేచాడు. వీసా దరఖాస్తు కోసం పాస్‌పోర్టు నా దగ్గరే ఉండాలని చెబితే సరేనన్నాడు. ఆ తరువాత, అమ్మకు చూపిస్తానని మా అమ్మాయి గీసిన పటాన్ని అడిగి తీసుకున్నాడు. దాని మీద సెలె ఊటల నుంచి లెవుకా దాకా నీలిరంగు పెన్సిలుతో గీసిన గీత ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో పాసుపుస్తకం పక్కన, పాస్‌పోర్టు ఖాళీ చేసిన చోట పెట్టుకొని బస్సెక్కాడు.