ఇస్ఫహాన్‌లో అచ్చు చప్పుడు

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ఊళ్లో, ఖైసరియే బజారులో అచ్చు అద్దకం గుడ్డలమ్మే ఆ దుకాణం ముందు ఆగగానే అక్క చేసిన మొదటి పని గుడ్డ తిరగేసి చూడటం. ముందువైపు బొమ్మ ఎంత బావున్నా ఆవిడకి లెక్కలేదు. రంగు వెనక్కి ఎంత దిగింది, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు తెలుస్తోందా, అదీ ఆవిడకి కావాల్సింది. చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. దుకాణంలో ఉన్న పెద్దాయన నవ్వి ఏదో అన్నాడు. మాతో వచ్చిన గైడ్ అమ్మాయి, "మీరూ ఈ పనివాళ్లేనా అని అడుగుతున్నారు" అంది.

మాది బందరు దగ్గర పెడన. నాన్న అద్దకం షెడ్డు నడిపేవాడు. నేను చదువు పేరు చెప్పి తప్పించుకున్నాను కానీ, అక్క పెళ్లయ్యేదాకా బల్ల దగ్గర నిలబడి అచ్చు కొట్టిన మనిషి. "కలంకారీ అన్న మాటే ఇరాన్ వాళ్లదిరా, గోల్కొండ సుల్తానుల కాలంలో మన సరుకు బందరు నుంచి ఓడల్లో పారశీకానికి పోయేది" అని నాన్న చెబుతుండేవాడు. ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. 2018 అక్టోబరులో మేమిద్దరం వెళ్లాం.

టెహ్రాన్ నుంచి బస్సులో సుమారు 450 కిలోమీటర్లు. దారి పొడుగునా మట్టి రంగు కొండలే. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచెయ్యవు కాబట్టి డబ్బంతా నోట్ల రూపంలో నడుముకి కట్టుకుని తిరిగాం, ఆ టెన్షన్ వేరే. పైగా నోటు మీద రియాళ్లు, జనం నోట్లో తుమాన్లు. పది రియాళ్లు ఒక తుమాన్. మొదటి రోజే టాక్సీకి పది రెట్లు ఎక్కువిచ్చి దిగిపోయాను. డ్రైవరు వెనకాలే పరిగెత్తుకొచ్చి తొమ్మిది వంతులు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

నఖ్షే జహాన్ మైదానం గురించి ఎంత చదివి వెళ్లినా ఆ వెడల్పుకి మాత్రం సిద్ధంగా ఉండం. పొడవు 560 మీటర్లు, వెడల్పు 160. ఇరాన్ రాజు షా అబ్బాస్ 1598లో రాజధానిని కజ్విన్ నుంచి ఇక్కడికి మార్చి మొదలుపెట్టించాడు. ఒకప్పుడు అందులో పోలో ఆడేవాళ్లట, రాతి గోలుస్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాదుని ఇస్ఫహాన్ చూసి కట్టారని మన దగ్గర చాలామంది అంటారు. చార్మినార్ 1591 నాటిది. అంటే ఈ మైదానానికంటే మనదే ఏడేళ్లు పెద్ద. హైదరాబాదుకి నక్ష గీసిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ మనిషి కాబట్టి చుట్టరికం నిజమే, ఎవరు ఎవర్ని చూశారన్నదే తిరకాసు. గైడ్ అమ్మాయికి ఈ లెక్క చెబితే మర్యాదగా నవ్వి మాట మార్చేసింది.

మేం వెళ్లినప్పుడు మైదానం దక్షిణపు కొసనున్న షా మసీదు గుమ్మటానికి పరంజా కట్టి ఉంది. ద్వారం మైదానం వైపుంది, మసీదు మాత్రం మక్కా వైపు తిరగాలి. అందుకని లోపలికెళ్లే దారి ఒక పక్కకి వంగుతుంది. ఆ వంపు నడుస్తున్నప్పుడు తెలియదు, బయటికొచ్చి చూస్తేనే తెలుస్తుంది. గుమ్మటం కింద నల్లరాయి మీద నిలబడి ఆ అమ్మాయి ఒక నోటుని టప్పున లాగింది. ఆ చప్పుడు పైనుంచి వరసగా తిరిగొచ్చింది.

కానీ నా మనసంతా మైదానానికి తూర్పు పక్కనున్న చిన్న మసీదు మీదే ఉండిపోయింది. షేక్ లుత్ఫుల్లా మసీదుకి మినార్లు లేవు, లోపల ప్రాంగణం లేదు. చీకటి నడవలోంచి గుమ్మటం కిందికి రాగానే పైనుంచి పడే వెలుగు, గుమ్మటం నడిమధ్యనున్న నెమలి బొమ్మ కింద దాని తోకలా పరుచుకుంటుంది. గుమ్మటం పెంకులు బయట పొద్దున మీగడ రంగులో ఉన్నాయి, సాయంత్రానికి ఎర్రబారాయి. మేం రెండుసార్లు టికెట్టు కొన్నాం. అక్క మెడ నొప్పెట్టేదాకా చూసి, "ఇంత పనిలో ఒక్క అతుకూ కనపడదేంట్రా" అంది.

చెహెల్ సుతూన్ అనే రాజమహలు పేరుకి అర్థం నలభై స్తంభాలు. ఉన్నవి ఇరవయ్యే, మిగతా ఇరవై ఎదురుగా కొలను నీళ్లలో. లోపల గోడ మీద నాదిర్ షా 1739లో కర్నాల్ దగ్గర మొగలు సైన్యాన్ని ఓడించిన యుద్ధం బొమ్మ ఉంది, ఏనుగులతో సహా. ఢిల్లీ నుంచి నాదిర్ షా పట్టుకుపోయినవాటిలో కోహినూర్ కూడా ఉంది. అది మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారు. అక్క ఆ బొమ్మని చూసి, "మన సొమ్ము దోచుకుపోయి పైగా బొమ్మ వేయించుకున్నారు" అంది, కాస్త గట్టిగానే. తెలుగులో కాబట్టి బతికిపోయాం.

తిండి సంగతి ఒక్కటే చెబుతాను. అక్కడి బిర్యానీలో అన్నం ఉండదు. కొట్టిన మటన్‌ని చిన్న గరిటెలాంటి పెనంలో వేయించి, దాల్చినచెక్క చల్లి, రొట్టె మీద పెట్టి, పచ్చి తులసిలాంటి ఆకుతో ఇస్తారు. రుచి బావుంది. పేరు మాత్రం మోసం.

నది దగ్గరికి మూడో రోజు సాయంత్రం వెళ్లాం. సీ ఓ సే పొల్, అంటే ముప్పైమూడు కమానుల వంతెన, సుమారు 300 మీటర్లు. ఫొటోల్లో కమానులన్నీ నీళ్లలో మెరుస్తుంటాయి. మేం చూసింది ఎండి బీటలేసిన నేల. హంస ఆకారం పడవలు మట్టిలో వరసగా కూర్చున్నాయి, పిల్లలు ఏటి మధ్యలో సైకిలు తొక్కుతున్నారు. జాయందే రూద్ అంటే జీవమిచ్చే నది అని అర్థమట. వర్షాలు తగ్గడం, ఎగువన సేద్యానికీ ఫ్యాక్టరీలకీ ఇతర ఊళ్లకీ నీళ్లు మళ్లించడం కలిసి కొన్నేళ్లుగా ఏడాదిలో చాలా నెలలు ఇలాగే ఉంటోందని గైడ్ అమ్మాయి చెప్పింది. తన చిన్నప్పుడు ఈ మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకునేదట. అవతల ఖాజూ వంతెన కమానుల కింద మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి పాడుతున్నారు. కింద నీళ్లు లేకపోయినా రోజూ వస్తారట.

ఆఖరి రోజు అక్క మళ్లీ ఆ బజారుకే లాక్కెళ్లింది. ఈసారి పెద్దాయన మమ్మల్ని వెనక గదిలోకి పిలిచాడు. అక్కడ ఒకతను చేతి అంచుకి మెత్త కట్టుకుని అచ్చు పెట్టి కొడుతున్నాడు. టప్, టప్. కళ్లు మూసుకుంటే మా షెడ్డే. మాది టేకు అచ్చు, వాళ్లది బేరి చెట్టు కర్ర. రంగు పట్టేలా ముందు గుడ్డని నానబెట్టడానికి మాకు కరక్కాయ, వాళ్లకి దానిమ్మ తొక్క. ముందు నలుపు, తర్వాత ఎరుపు, నీలం, పసుపు. అక్క చెయ్యి చాపి అచ్చు అడిగింది. అతను పెద్దాయన వంక చూసి ఇచ్చాడు. పక్కనున్న పాత గుడ్డ మీద అక్క మూడు అచ్చులు కొట్టింది, మూడోది మూలకి సరిగ్గా కూర్చుంది. గదిలో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఏదో అన్నారు. అక్క మొహం ఎర్రబడింది.

ఒక దుప్పటి తీసుకున్నాం. డబ్బివ్వబోతే పెద్దాయన గుండెల మీద చెయ్యి పెట్టుకుని "ఖాబెలీ నదారె" అన్నాడు. మీ ముందు ఇదెంత, వద్దులెండి అని. అక్క నిజమే అనుకుని దుప్పటి చంకన పెట్టుకుని దండం పెట్టేసింది. గైడ్ అమ్మాయి నా చెవిలో, "అది మర్యాదకి అనే మాట, ఇవ్వండి ఇవ్వండి" అని కంగారుపడింది. రెండుసార్లు బతిమాలాక తీసుకున్నాడు.

టీ తాగుతూ, పాలు లేని టీ, పంటి కింద చక్కెర ముక్కతో, అక్క అడిగింది: గుడ్డ ఎక్కడ ఉతుకుతారు? మాకు పారే నీళ్లు కావాలి, నిలవ నీళ్లలో రంగు మరక కొడుతుంది. వాళ్లూ ఒకప్పుడు నదిలోనే జాడించి ఒడ్డున ఆరేసేవాళ్లట. ఇప్పుడు తొట్లలో కానిస్తున్నారు. ఈ మాట చెప్పేసి పెద్దాయన కాసేపు గ్లాసు వంక చూశాడు. తర్వాత ఆ అమ్మాయితో ఏదో అన్నాడు.

"మీ ఊళ్లో నీళ్లున్నాయా అంటున్నారు."

అక్క వెంటనే చెప్పలేదు. దుప్పటి మడత సరిచేసుకుంటూ, "కాలవ వదిలినప్పుడుంటాయని చెప్పు" అంది నాతో.