నాన్నకి ఫుటీ చూపించిన ఆదివారం

మెల్‌బోర్న్‌లో పొద్దుటి నుంచీ ఒకటే వాన. గరాజ్‌లో ఆరేసిన బట్టలు ఆరట్లేదు, తెనాలి నుంచి వచ్చిన నాన్నకి వాకింగ్ లేదు, రెండో కాఫీ అయ్యాక ఇక ఏం తోచక టీవీలో ఫుటీ, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, పెట్టాను.

కాసేపు చూసి, "వాడెవడ్రా, అప్పిచ్చినవాడిలా అతని వెనకాలే తిరుగుతున్నాడు?" అన్నారు.

ట్యాగర్ అంటారు నాన్నా అని చెప్పాను. ఎదుటి జట్టులో బాగా ఆడేవాణ్ణి ఆడనివ్వకపోవడమే అతని పని. 2023 ఆగస్టులో హాథార్న్ కోచ్ శామ్ మిచెల్, కాలింగ్‌వుడ్ కుర్రాడు నిక్ డేకోస్ మీదకి ఫిన్ మెగిన్నెస్‌ని వదిలితే, మామూలుగా ముప్పై దాకా డిస్పోజల్స్ (బంతిని కాలితో తన్ని గానీ చేత్తో గుద్ది గానీ అందించడం) ఉండే డేకోస్‌కి ఆ రోజు దక్కినవి 5. మోకాలికి దెబ్బ కూడా తగిలిందనుకోండి, కానీ టేబుల్‌లో పైనున్న కాలింగ్‌వుడ్ ఓడిపోయింది. (ఆ ఏడు కప్పు మాత్రం వాళ్ళే కొట్టారు.)

నాన్నకి ఊపొచ్చింది. సరే అని 2021 ఫైనల్ మూడో క్వార్టర్ పెట్టాను, పెర్త్‌లో జరిగింది, మెల్‌బోర్న్‌కీ వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కీ. బుల్‌డాగ్స్ 19 పాయింట్లు ముందున్నారు. అక్కణ్ణుంచి మ్యాచ్ అయ్యేదాకా మెల్‌బోర్న్ 100 కొడితే వీళ్ళు 7. ఇంత ఘోరం ఎలా జరుగుతుందంటే, గోల్ పడ్డాక బంతిని గోల్ ఇచ్చిన జట్టు చేతికి ఇవ్వరు, మళ్ళీ మధ్యలో బౌన్స్ వేసేవారు, అంటే అంపైర్ బంతిని నేలకేసి కొట్టి పైకి లేపేవాడు (2026 నుంచి చేత్తోనే పైకి ఎగరేస్తున్నారు). ఆ మధ్య చదరంలో ఒక్కో జట్టుకి నలుగురే ఉండాలి, ఎగిరి బంతిని తట్టే రక్ ఒకడు, కింద కాచుకునే మిడ్‌ఫీల్డర్లు ముగ్గురు. 2019లో 6-6-6 రూల్ వచ్చాక ఆ వేళ డిఫెన్స్‌లో ఆరుగురికి మించి పెట్టడానికీ లేదు. అంటే ఆ నలుగురు ఓడిపోతుంటే గోల్ మీద గోల్, ఊపిరి తీసుకునే సందు ఉండదు.

"టైమ్ అవుట్ అడగొచ్చుగా?"

ఈ ఆటలో అది లేదు. బుల్‌డాగ్స్ కోచ్ బెవరిడ్జ్ చేతిలో ఉన్నది మనుషుల్ని మార్చడమే. నేనైతే రెండో గోల్‌కే ఒకణ్ణి మెల్‌బోర్న్ మిడ్‌ఫీల్డర్ పెట్రాకా మీదకి పంపేవాణ్ణి, అతనికి ఆ రోజు 39 డిస్పోజల్స్, ఫైనల్లో బాగా ఆడినవాడికిచ్చే మెడల్ కూడా అతనిదే. మామూలుగా ట్యాగింగ్ నాకు నచ్చదు, మన మిడ్‌ఫీల్డర్ ఒకడు ఆడటం మానేసినట్టే కదా, కానీ కొంప మునిగేటప్పుడు ఇంకేం చేస్తాం.

నాన్న ఒప్పుకోలేదు. "వాణ్ణి పట్టుకుంటే వాళ్ళ ఇంకో మిడ్‌ఫీల్డర్, ఆ ఆలివర్ ఊరుకుంటాడా? ముందు ఎగిరేవాణ్ణి మార్చాలి." ఎవరు ఎగిరినా కింద పడ్డ బంతి ఎవరికి అందిందన్నదే లెక్క అని నేను. దోసెలు చల్లారిపోతున్నాయని అమ్మ కేకేసేదాకా ఇదే గొడవ, తిన్నాక నాలుగో క్వార్టర్ కూడా పెట్టమన్నారు.