తడి ఇసుకలో నేర్చుకున్న పరుగు

మా అక్క కొడుకుకి ఆరేళ్లప్పుడు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చింది. ఏళ్ల తరబడి మందులు వాడాక కోలుకున్నాడు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. క్యాన్సర్ పిల్లల చికిత్స కోసం విశాఖ బీచ్ రోడ్డులో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని తెలియగానే అందుకే పేరిచ్చేశాను. నాకు నలభై ఒకటి. స్కూలు వదిలాక పరిగెత్తింది లేదు. చేతిలో ఐదు నెలలు ఉన్నాయి.

మొదటి నెల దళసరి అట్టల బూట్లతో పరిగెత్తాను. మోకాళ్లు పట్టేశాయి. ఒకరోజు ఆర్కే బీచ్‌లో వల లాగడానికి వచ్చిన పెద్దాయన నన్ను ఆపి, "ఏటమ్మా, మడమల్తో నేలని గుద్దుతున్నావు. ఆ బూట్లు ఇప్పేసి ఓపాలి నడిచి సూడు" అన్నాడు.

విప్పాను. తడి ఇసుక మీద వంద అడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే ఆయన మాట అచ్చుగుద్దినట్టు కనిపించింది. మడమ దగ్గర లోతైన గుంట, వేళ్ల దగ్గర గీతల్లాంటి గుర్తులు. బూటు మెత్తగా ఉంటే మడమ ఎంత గట్టిగా తగిలినా మనకు తెలియదు. వట్టి కాలితో అలా పరిగెడితే నొప్పి పుడుతుంది కాబట్టి పాదం తనంతట తానే ముందు భాగం మీద దిగడం నేర్చుకుంటుంది, అడుగు చిన్నదవుతుంది. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన కూడా, బూట్లు లేకుండా పరిగెత్తడం అలవాటైనవాళ్లు ఎక్కువగా ఇలాగే దిగుతారని, నేల తాకిన క్షణంలో అదురు తక్కువని చూపించింది. గాయాలు తగ్గుతాయని మాత్రం అందులో తేల్చలేదు. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఎందుకంటే రెండో వారంలోనే ఉత్సాహం ఆగక ఏకబిగిన మూడు కిలోమీటర్లు వట్టి కాళ్లతో పరిగెత్తాను. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. పిక్కలు రాళ్లలా బిగిసిపోయాయి, పాదం పైభాగంలో సన్నటి నొప్పి. ఎముకకు పగులేమో అని టెన్షన్. అదృష్టం, పగులు కాదు. మడమ చేయాల్సిన పనంతా పిక్కల మీద, పిక్కని మడమకు కలిపే స్నాయువు మీద పడిందని, అవి గట్టిపడాలంటే నెలలు పడుతుందని డాక్టరుగారు చెప్పారు. పది రోజులు ఇంట్లోనే ఉన్నాను.

తర్వాత పది నిమిషాల నడకతో మళ్లీ మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులు, ప్రతి వారం రెండు మూడు నిమిషాలు పెంచుతూ, మిగతా రోజులు బూట్లతోనే రోడ్డు మీద. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది, అల తడిపిన గట్టి ఇసుకే మంచిది. కాకపోతే అది సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వెళ్లినంత దూరం వెనక్కి వస్తే రెండు కాళ్లకూ సమానమవుతుంది. గాజుపెంకులు, గాలాలు చూసుకోవాలి. నాన్న కూడా చెప్పులు విప్పబోతే ఒప్పుకోలేదు. ఆయనకు షుగర్, పాదాల్లో స్పర్శ తగ్గింది. గుచ్చుకున్నా తెలియదు. ఆయన చెప్పులతోనే పక్కన నడిచారు.

మూడో నెల చివర వెనక్కి తిరిగి చూసుకుంటే ఇసుకలో ఐదు వేళ్లూ విడివిడిగా అచ్చు పడ్డాయి, మడమ గుర్తు పైపైనే ఉంది. మోకాళ్ల నొప్పి ఎప్పుడు పోయిందో గమనించనే లేదు.

పరుగు రోజు మాత్రం పల్చటి బూట్లు వేసుకున్నాను. రోమ్ 1960 ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో మారథాన్ గెలిచిన అబెబె బికిలా, 1964లో టోక్యోలో బూట్లు వేసుకునే గెలిచాడు. తారు రోడ్డు మీద పది కిలోమీటర్లకు నా పాదాలు ఇంకా సిద్ధంగా లేవు. బూట్లున్నా అడుగు మాత్రం ఇసుకలో నేర్చుకున్నదే. కిలోమీటరుకు ఇంత అని ఆఫీసువాళ్లు మాటిచ్చారు. గంటా పద్దెనిమిది నిమిషాల్లో పదీ పూర్తయ్యాయి, ముప్పై ఎనిమిది వేలు జమయ్యాయి.

గీత దాటిన చోట మా అక్క కొడుకు నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు. వచ్చే ఆదివారం నుంచి తనూ వస్తానన్నాడు. మొదటి రోజు పది నిమిషాలే, అదీ నడకే అని చెప్పాను.