యూరిన్ బ్యాగు పొట్టమీద పెట్టొద్దు

తిరుపతిలో రుయా ఆస్పత్రికో, స్విమ్స్‌కో వచ్చే పేషెంటు వెంట పీలేరు నుంచో మదనపల్లె నుంచో ఒకరిద్దరు ఇంటివాళ్లు వస్తారు. ఏ ఊరి ఆస్పత్రిలోనైనా అన్నం తినిపించేది, పక్క సర్దేది, స్కానింగుకు స్ట్రెచర్ వెంట నడిచేది చాలావరకు వాళ్లే. ఈ పోస్టు వాళ్ల కోసం.

చేరేటప్పుడు లేకుండా, 48 గంటలు దాటాక మొదలైన ఇన్‌ఫెక్షన్‌ను మామూలుగా ఆస్పత్రిలో సోకినదిగా లెక్కేస్తారు. మూత్రాశయంలోకి వేసే యూరిన్ పైపు, పెద్ద రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైన్, వెంటిలేటర్, ఆపరేషన్ కోత దానికి ముఖ్యమైన దారులు. ఇంటివాళ్ల చెయ్యి ఎక్కువగా పడేది యూరిన్ పైపు మీదే.

పైపు వేశాక, ఉన్న ఒక్కో రోజుకు 3 నుంచి 7 శాతం మందికి మూత్రంలో బాక్టీరియా చేరుతుంది. నెల దాటితే దాదాపు అందరికీ ఉంటుంది. పైపు గోడకు అది జిగురు పొరలా పట్టేస్తుంది, మందు ఆ పొరలోకి సరిగా దిగదు. కాబట్టి పైపు ఉంది కదా అని ముందుజాగ్రత్తకు యాంటీబయాటిక్ అడగొద్దు. మామూలు క్రిములు చచ్చి, మందుకు లొంగనివి మిగులుతాయి.

ఇక బ్యాగు. స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు దాన్ని పేషెంటు పొట్టమీదో కాళ్లమధ్యో పెట్టేస్తారు. ఆ కాసేపట్లోనే బ్యాగులో నిలవున్న మూత్రం ట్యూబు గుండా వెనక్కి, మూత్రాశయంలోకి పారుతుంది. వెనక్కి పోకుండా వాల్వు ఉన్న బ్యాగులున్నాయి గానీ దాన్ని నమ్ముకోవద్దు. కదిలించే ముందే బ్యాగు ఖాళీ చేయించి, స్ట్రెచర్ పక్క కమ్మీకి, నడుము కంటే కిందుగా తగిలించండి. మంచం దగ్గరా అంతే. అయితే బ్యాగు నేలకు తగలకూడదు. మూడింట రెండొంతులు నిండేలోపే ఖాళీ చెయ్యాలి. ఈ పేషెంటుకు వాడిన మగ్గు పక్క మంచానికి వాడకూడదు, బ్యాగు మూతి మగ్గు అంచుకు తగలకూడదు. ఖాళీ చేసే ముందూ, చేశాకా చేతులు కడుక్కోవాలి. పైపు, బ్యాగు కలిసేచోట ఊడదీయడం మాత్రం ఇంటివాళ్లు ఎప్పుడూ చెయ్యొద్దు.

మూత్రం రావడం లేదంటే మొదట ట్యూబు ఎక్కడైనా మడతపడిందా, తొడకింద నలిగిందా చూడండి. పైపును తొడకు ప్లాస్టరుతో అంటించకపోతే కదిలినప్పుడల్లా లాగుతుంది, లోపల ఒరుసుకుని పుండవుతుంది. శుభ్రానికి రోజూ సబ్బు, నీళ్లు చాలు. పౌడరు, డెట్టాల్ వద్దు.

మూత్రం వాసనొచ్చినా మసకబారినా అదొక్కటే ఇన్‌ఫెక్షన్‌కు గుర్తు కాదు. చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి, పెద్దవాళ్లలో ఉన్నట్టుండి తికమక మాటలు కనిపిస్తే వెంటనే చెప్పాలి. కల్చర్‌కు, అంటే ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు, శాంపిల్ బ్యాగులోంచి పట్టకూడదు. నిలవున్న మూత్రంలో క్రిములు పెరిగి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. పైపుకున్న శాంపిల్ పోర్టును స్పిరిటుతో తుడిచి సిరంజితో తీస్తారు.

చేతులకు స్పిరిటుండే హ్యాండ్ రబ్ అయితే ఆరేదాకా 20–30 సెకన్లు, సబ్బు అయితే 40–60 సెకన్లు రుద్దాలి. విరేచనాలున్న పేషెంటు దగ్గర సబ్బే వాడండి. విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియం అనే క్రిమి గట్టి గింజలాంటి రూపంలో దాక్కుంటుంది, స్పిరిటుకు చావదు.

ఆపరేషన్‌కు ముందు ఇంట్లోనో మంగలి షాపులోనో బ్లేడుతో గీయించుకుని రావడం మన వైపు ఇంకా ఉంది. దయచేసి మానండి. కంటికి కనబడని గాట్లలో క్రిములు చేరి, తర్వాత కుట్ల దగ్గర చీము పడుతుంది. వెంట్రుకలు తీయాల్సి వస్తే ఆస్పత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు. ముందురోజు సబ్బుతో ఒళ్లంతా స్నానం చేయించండి.

అన్నిటికంటే పెద్ద పని పొద్దున రౌండ్స్‌లో ఒక మాట అడగడం: ‘సార్, ఈ పైపు ఇంకా అవసరమా?’ చేతికున్న సెలైన్ సూది గురించీ అడగండి. అక్కడ ఎర్రబడినా, వాచినా, తడిసినా మరుసటి రౌండ్ దాకా ఆగొద్దు. మంచం దిగలేడు, పక్క తడుపుతాడు అన్నది పైపు ఉంచడానికి కారణం కాదు. దానికి డైపరో, మగవాళ్లకైతే బయట తొడిగే కండోమ్ పైపో ఉంది. పైపు తీసిన టైము రాసిపెట్టుకోండి. ఆరు గంటలు దాటినా మూత్రం పోయకపోతే, లేదా పొత్తికడుపు బిగిస్తే అంతకు ముందే, సిస్టర్‌కు చెప్పండి.