వేదిక మీద అమ్మమ్మ గడప

మన నాట్య పాఠశాలలో పన్నెండేళ్ళు నేర్చుకున్న తరువాత, తొలిసారి ఒక్కదాన్నే పూర్తి కచేరీ చేయబోతున్నప్పుడు, రంగాలంకరణ కూడా నేనే చేసుకుంటానని గురువుగారిని అడిగాను. చెన్నై సభల్లో మనందరికీ అలవాటైన వేదిక అంటే వెనుక నల్ల తెర, ఒక మూల పూలదండ వేసిన నటరాజ విగ్రహం, ఒక పక్క వాద్యబృందం. ఆ నిరాడంబరత మీద నాకు ఈనాటికీ గౌరవమే. అయితే నేను ఎంచుకున్నవి 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలు. మా అమ్మమ్మగారి ఊరు కృష్ణా జిల్లాలో మొవ్వ పక్కనే. ఆ పదాల్లోని నాయకుడు, మొవ్వ దేవుడైన మువ్వగోపాలుడు చిన్నప్పటి నుంచి నా ఊహలో ఆ ఊరి దారుల వెంటే వచ్చేవాడు కనుక, నాయిక ఎదురుచూసే ఇల్లు కూడా అమ్మమ్మ ఇల్లే అయింది.

మొదట గీసిన బొమ్మలో మండువా లోగిలి మొత్తం ఉంది: నాలుగు స్తంభాలు, ఉయ్యాల బల్ల, తులసికోట, దండెం మీద ఆరేసిన చీర. గురువుగారు దాన్ని చాలాసేపు చూసి, "ఇంత ఇల్లు కట్టేశాక నీ చేతులకు పనేముంటుందమ్మా?" అన్నారు. అభినయ దర్పణమనే నాట్య గ్రంథంలో, వేళ్ళు కలిపి చాపే పతాక హస్త ముద్ర వినియోగాల్లో కవాటపాటనం, అంటే తలుపు తెరవడం, ఉందని మా చేత వల్లె వేయించింది ఆయనే. భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ఇద్దరు పట్టుకున్న తెర, దాని మీదుగా వేసిన జడ చాలవా అని కూడా గుర్తు చేశారు. తలుపును చేతులతో చూపడం నాట్యధర్మి, నిజం తలుపును తెచ్చి పెట్టడం లోకధర్మి. రెండూ పక్కపక్కన ఉంటే చూసేవారి కన్ను చెక్క వైపే పోతుంది. ఆయన మాటలో ఉన్న న్యాయం నాకు ఆ రాత్రే అర్థమైంది కానీ, ఇల్లు వదులుకోవడానికి మనసు ఒప్పలేదు.

వారం రోజులు బొమ్మ పక్కన పెట్టి పదాలే చేసుకుంటూ కూర్చున్నాను. నాయికల్లో వాసకసజ్జిక ఇల్లు సర్దుకుని నాయకుడి కోసం లోపల కూర్చుంటుంది. విరహోత్కంఠిత గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్ళుతుంది. తెల్లవారాక వచ్చిన నాయకుణ్ణి ఖండిత గుమ్మంలోనే నిలదీస్తుంది. అభిసారిక గడప దాటి చీకట్లోకి నడుస్తుంది. అష్టవిధ నాయికల్లో నేను తీసుకున్న ఈ నలుగురి కథా ఒకే గడపకు అటో ఇటో జరుగుతోందని తట్టగానే, స్తంభాలూ ఉయ్యాలా తులసికోటా కొట్టేసి, తలుపు రెక్కలు లేని ద్వారబంధాన్ని, దాని కింద గడపను, పక్క గోడలో దీపపు గూటిని మాత్రం ఉంచాను. రెక్కలు నా చేతులు. ఈసారి గురువుగారు బొమ్మ మీద వేలు పెట్టి, గడప ఎత్తు ఎంత అని మాత్రమే అడిగారు.

కోడంబాక్కంలో సినిమా సెట్లకు పనిచేసిన వడ్రంగి ఒకాయన దాన్ని కట్టారు. నేను ద్వారబంధం అంటే ఆయన నిలైవాసల్ అనేవారు. మూడో రోజుకు ఇద్దరి నోటా రెండు మాటలూ వచ్చేశాయి. అమ్మమ్మ ఇంట్లో గుమ్మం పొట్టిది, ఇరుకుది. ఆ కొలతే పెడితే తలసామానుతో వంగాలి, చేయి చాపితే చెక్క తగులుతుంది. అందుకని 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు పెట్టాం. గడప మాత్రం అమ్మమ్మ ఇంటి కొలతే, 6 అంగుళాలు, ఎందుకంటే అది దాటేటప్పుడు మోకాలు ఎంత లేవాలో నా కాలికి తెలుసు. దాన్ని వేదిక వెనుక భాగాన, పక్క వరుసల వారికీ కనిపించేలా కాస్త ఓరగా నిలిపి, నృత్తపు అడుగులకూ, చుట్టు తిరిగితే చోటు మారినట్టు చూపే కక్ష్యావిభాగానికీ మధ్య భాగమంతా ఖాళీగా వదిలాం. సభవారి నేలలో మేకులు కొట్టకూడదు కాబట్టి వెనుక ఏటవాలు ఊతలు పెట్టి, వాటి మీద ఇసుక సంచులు వేశాం. చెన్నైలో వరసగా కచేరీలు జరిగే మార్గళి మాసపు రోజుల్లో కచేరీకీ కచేరీకీ నడుమ దొరికే కొద్ది సమయంలోనే అదంతా బిగించాలి.

చివరి రిహార్సల్‌లో రెండు పొరపాట్లు బయటపడ్డాయి. గోడకు అమ్మమ్మ ఇంటి సున్నపు తెలుపే వేయించాను. దీపాలు వెలిగేసరికి ఆ తెలుపు కళ్ళలో కొట్టి, ముందు నిలబడ్డ నా ముఖం నల్లబడింది. రాత్రికి రాత్రి పలచటి కావిరంగు పూయించాం. రెండోది, అమ్మ ముచ్చటపడి గడపకు నిజం పసుపు రాసింది. తడి ఆరకముందే కాలు మోపి జారాను. చీలమండ బెణకలేదు కానీ భయం పట్టుకుంది, పసుపు స్థానంలో రంగు వచ్చింది. ముగ్గు కూడా పిండితో వేస్తే వట్టి పాదాలకు ప్రమాదమని మందపాటి కాన్వాసు మీద చిత్రించి, అంచులు నేలకు అంటించాం.

కచేరీ రోజు సాయంత్రం తెర లేవకముందు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మను వేదిక మీదికి తీసుకెళ్ళాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. చెప్పులు వింగ్ పక్కన విడిచి, వంగి గడపను తాకి కళ్ళకద్దుకుని, దాన్ని తొక్కకుండా చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని దాటింది. ఖండితగా ఆ రాత్రి నేను గడప మీద నిలబడే ముందు వేసిన అడుగు, రిహార్సల్స్‌లో ఎన్నడూ వేయనిది, ఆమె నడకే.

ద్వారబంధం తరువాత విడిపోయింది. గడప చెక్క మన పాఠశాల సామాన్ల గదిలోనే, గోనెపట్టా చుట్టి ఉంది. పసుపు రంగు ఒక కొసన పెచ్చులూడింది, చూస్తే గుర్తుపట్టవచ్చు. ఈ ఏడాది పదాలు చేస్తున్న పిల్లలెవరికైనా కావాలంటే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.