ఆ సున్నాలో నేనున్నాను

పన్నెండు కావస్తోంది. ఆయన ఎప్పుడో పడుకున్నారు. నేను పక్క మీద అటూ ఇటూ దొర్లి దొర్లి, ఇక లాభం లేదని లేచి డైనింగ్ టేబుల్ దగ్గరికొచ్చి కూచున్నా. బాల్కనీ తలుపు తీసినా గాలి లేదు, సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ఈ ఉక్కేంటో. అయినా నిద్ర పట్టనిది ఉక్కకి కాదు. ఒక సున్నాకి.

పొద్దున్న సీతమ్మధారలో చిన్నొదిన వాళ్ళ గృహప్రవేశం అని చెప్పా కదా, వెళ్ళాం. పనసపొట్టు కూర ఆవ పెట్టి చేశారు, ఎన్నాళ్ళయిందో అంత బాగా తిని, దాని సంగతి ఇంకోసారి రాస్తా. భోజనాలయ్యాక మగాళ్ళంతా హాల్లో కుర్చీలేసుకుని కూచున్నారు, మేం ఇటుపక్క తాంబూలం సంచులు సర్దుతున్నాం. చిన్నొదిన వియ్యంకుడుగారు అడిగారు, "బావగారూ, మీరు ఆ మధ్య రష్యా వైపెక్కడికో వెళ్ళొచ్చారట, ఏ ప్యాకేజీ అండి?" అని. ఈయన కుర్చీ కాస్త ముందుకి లాక్కున్నారు. అలా లాక్కున్నారంటే అరగంటకి తక్కువ లేదని మీకు తెలుసు.

"రష్యా కాదండీ, ఉజ్బెకిస్తాన్. ప్యాకేజీ ఏమీ లేదు. నేనే అన్నీ చూసుకుని వెళ్ళాను."

వెళ్ళాను.

మన భాషలో మేము అనే మాట పైకి అనక్కర్లేదు కూడా. క్రియ చివర ఒక్క సున్నా పెడితే సరిపోతుంది. వెళ్ళాం, తిన్నాం, చూశాం. ఆ సున్నాలో నేనుంటాను. ముప్పై రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, సున్నా తీసేస్తే ఏమవుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు. ఆ అరగంటలో ఎన్నిసార్లు తీసేశారో, మొదట్లో లెక్కపెట్టా, తర్వాత వక్కపొడి పొట్లాలు లెక్క తప్పుతున్నాయని మానేశా.

సరే అదైనా ఊరుకుందును. క్యారెట్ల కథ కూడా తనదే అని చెప్పేశారు.

ఆ కథ నేనిక్కడ రాసి ఏడాది పైనే అయింది కాబట్టి మళ్ళీ చెప్తా. తాష్కెంట్‌లో చోర్సు బజారు అని నీలం గుమ్మటం కింద పెద్ద మార్కెట్. దిగిన రోజు నించీ నాకు ఆ ఊరి మాటలు వింటుంటే భలే ధైర్యంగా ఉండేది. కొట్టుని దోకోన్ అంటారు, మన దుకాణమే. బజారుని బోజోర్, మైదానాన్ని మైదోన్, ఉల్లిపాయని పియోజ్. అవునన్నమాటకి "హా" అంటారు. ఇంకేం, నాకొచ్చిన హిందీ అంతా పనికొచ్చేస్తుందనుకున్నా. రూములో చిన్న వంటిల్లుంది, నాలుగు కూరముక్కలు దొరికితే ఉడకబెట్టుకుని కందిపొడితో తినొచ్చని ఒక ముసలావిడ దగ్గరికెళ్ళి "సబ్జీ" అన్నా. ఆవిడ "హా, సబ్జీ" అని సన్నగా తరిగిన క్యారెట్లు సంచిలో పోసింది. ఇది కాదమ్మా, సబ్జీ, సబ్జీ, అని చేతులు గుండ్రంగా తిప్పి అన్ని కూరగాయలూ అన్నట్టు చూపించా. "హా, హా, సబ్జీ" అని పక్క గుట్టలోంచి పసుపురంగు క్యారెట్లు కూడా పోసింది. నేను ఇంకా గట్టిగా సబ్జీ అంటున్నా, ఆవిడ ఇంకా పోస్తోంది, పక్క కొట్టు వాళ్ళు కూడా లేచి వచ్చి "సబ్జీ, సబ్జీ" అంటున్నారు. వాళ్ళ భాషలో సబ్జీ అంటే క్యారెట్ అట! కూరగాయలన్నిటికీ కలిపి సబ్జవోత్ అనాలట. వాళ్ళ పలావుకి బజార్లోనే అలా తరిగి పెట్టి అమ్ముతారు. డబ్బులిచ్చి వచ్చేశా, రెండు రోజులు క్యారెట్లే.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఈయన అక్కడ లేరు. నాలుగు వరసల అవతల ఎండుద్రాక్ష బేరం చేస్తున్నారు. ఇవాళ హాల్లో మాత్రం "నేను సబ్జీ అని అడిగానండీ..." అని మొదలెట్టి, ఆ ముసలావిడలాగా తల కూడా ఊపి చూపించారు, అందరూ పగలబడి నవ్వారు. వియ్యపురాలుగారు నావైపు తిరిగి "మీరు కూడా వెళ్ళారా అండి?" అని అడిగింది. ఆవిడ తప్పేముంది, విన్నదాన్ని బట్టి అడిగింది. ఊఁ అన్నా.

నిజం చెప్పాలంటే ప్రయాణం సగం సగం పనే. వీసాలు ఆయన పెట్టారు, ఆన్‌లైన్లో తలా 20 డాలర్లు కట్టి. హోటళ్ళు ఆయనే. రైళ్ళు, ఏ ఊళ్ళో ఎన్ని రోజులు, ఏది ఎన్నింటికి మూస్తారు, శాకాహారం ఏం దొరుకుతుంది, ఇదంతా నా నోట్సు. "గోష్త్‌సిజ్" అంటే మాంసం లేకుండా అని నోట్సు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నా, అది ఇద్దర్నీ పది రోజులు కాపాడింది. ఆవకాయ సీసా కూడా, వాళ్ళ గుండ్రటి రొట్టె ఉంటుంది, నాన్‌ని నోన్ అంటారు, మధ్యలో అచ్చు గుద్ది ఉంటుంది, వేడివేడిగా దాంట్లోకి ఆవకాయ అద్దుకుంటే... సరే.

సమర్‌ఖండ్‌ని ఒక్క ముక్కలో తేల్చేశారు, "బోలెడు గుమ్మటాలండీ" అని. నాకు నోటిదాకా వచ్చింది. ఉలుగ్ బేగ్ వేధశాల గురించి అక్కడ ఎవరైనా చెప్పాలి కదా! తైమూరు మనవడు, రాజు, రాజ్యం కంటే లెక్కలంటే ఇష్టం. 1420ల్లో కొండ మీద కట్టించి, 1018 నక్షత్రాలు ఎక్కడెక్కడున్నాయో కొలిచి పట్టిక రాయించాడు, టెలిస్కోపు పుట్టకముందు. 1449లో కన్నకొడుకే చంపించాడు. వేధశాల మట్టిలో కలిసిపోతే 1908లో తవ్వి తీశారు, నక్షత్రాలని కొలిచిన పెద్ద కొలబద్ద, నేల కింద రాతిలో వంపుగా దిగిపోయే ఆ ముక్క మిగిలింది. దాని ముందు నిలబడి నేను కదల్లేకపోయా. ఆయన వెనక నిలబడి పావుగంట ఓపిక పట్టారు, అది కూడా చెప్పాలి. నేను చెప్తే వింటారు కూడా, అక్కడ విన్నారు. కానీ ఇవాళ చెప్పలేదు.

అయితే ఇవాళ అన్నిటికంటే గుచ్చుకున్నది ఇది కాదు. తాష్కెంట్ నించి సమర్‌ఖండ్‌కి మారేటప్పుడు "రైలెక్కి వెళ్ళిపోయానండీ" అన్నారు. ఆ రైలు మేం ఎక్కలేదు.

ఇది ఇప్పటిదాకా ఇక్కడ రాయలేదు. అఫ్రోసియోబ్ అని ఫాస్ట్ రైలుంది, గంటకి 250 కిలోమీటర్ల దాకా పోతుంది, దానికి టికెట్లు అయిపోయాయి. మామూలు రైలుకి తీసుకున్నాం. టికెట్ మీద తోష్కెంట్ పక్కన జనూబీ అని ఇంకో మాట ఉంది. ముందురోజు రాత్రే అడిగా, "ఏవండీ, ఇదేంటో అదనంగా ఉంది, చూడండి" అని. "స్టేషన్ పేరు అలాగే ఉంటుందిలే టీచరమ్మా" అన్నారు. మెట్రో దిగగానే ఎదురుగా కనిపించే పెద్ద స్టేషన్ మేం చూసుకున్నదే, అక్కడికే వెళ్ళాం, గంట ముందు. గేటు దగ్గర పాస్‌పోర్టూ టికెట్టూ చూస్తారు, చూసినతను తల అడ్డంగా ఊపి ఊరికి అటువైపు చెయ్యి చూపించాడు. జనూబీ అంటే దక్షిణం. మేమున్నది ఉత్తరం స్టేషన్.

దువ్వాడ ఉన్న ఊరివాళ్ళం మనం! విశాఖ స్టేషన్లోకి వస్తే ఇంజను అటు మార్చుకుని వెనక్కి పోవాలని కొన్ని బళ్ళు దువ్వాడలోనే ఆగి అటునించటే పోతాయి, అది తెలీక ఇక్కడ ప్లాట్‌ఫారం మీద సామాన్లతో నిలబడిపోయిన వాళ్ళని ఎంతమందిని చూశాం, "పాపం, టికెట్ చదువుకోవద్దా" అని మనమే అనుకున్నాం కదా. ఆ పాపం మేమే అయ్యాం.

టాక్సీ పట్టుకుని వెళ్ళేసరికి బండి లేదు. ఖాళీ పట్టాలు. అప్పుడు ఆయన అన్నమాట, "గట్టిగా చెప్పుండాల్సింది నువ్వు" అని. దానికి నాకు ఏడుపొచ్చేసింది. బండి పోయినందుకు కాదు. చెప్పాను కదా, ఇంకెంత గట్టిగా చెప్తారు? ఆయన ఇంకో టికెట్ కోసం కౌంటర్ దగ్గరికెళ్ళారు, నేను బెంచీ మీద కూచుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చా. పక్కన తలకి రుమాలు కట్టుకున్న ఒకావిడ, నా ఈడే, సంచుల మధ్య కూచునుంది. కాసేపు చూసి "హిందిస్తోన్?" అంది. తలూపా. ఏదో చాలాసేపు చెప్పింది. నేను తెలుగులోనే చెప్పా, "బండి వెళ్ళిపోయిందమ్మా" అని. ఆవిడకి అర్థమైంది, పట్టాల వైపు చూసి నాలిక చప్పరించింది. సంచిలోంచి రొట్టె తీసి సగానికి తుంచి నా చేతిలో పెట్టి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంది. వాళ్ళు మర్యాదకి అలా పెట్టుకుంటారు, హోటల్లో కుర్రాడు కూడా పెట్టుకునేవాడు, కానీ ఆ రోజు ఆవిడ పెట్టుకుంటే వేరుగా ఉంది. సగంలో సగం తిని మిగతాది ఆయనకి ఉంచా. వచ్చి, ఎక్కడిదని కూడా అడక్కుండా తినేశారు.

ఆ రాత్రి తాష్కెంట్‌లోనే ఉండిపోయాం. తర్వాతి బండి మర్నాడు సాయంత్రం. పొద్దున్న ఖాళీగా ఉన్నాం కాబట్టి మన ప్రధానిగా చేసిన లాల్ బహదూర్ శాస్త్రిగారి విగ్రహం దగ్గరికెళ్ళాం, ఆయన పేరున వీధి కూడా ఉందక్కడ. 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టి ఆ తెల్లవారితే 11న ఆ ఊళ్ళోనే పోయారు. తిండిగింజల కరువప్పుడు శాస్త్రిగారు వారానికొక పూట మానమన్నారని మా నాన్నగారు మానేసి, ఆయన పోయాక కూడా చాలా ఏళ్ళు అలాగే మానేవారు. నేను వెళ్ళి నిలబడ్డానని నాన్నగారికి చెప్పడానికి నాన్నగారు లేరు. బండి తప్పకపోతే అక్కడికి వెళ్ళేవాళ్ళం కాదు, నా నోట్సులో లేదు అది.

ఇది రాస్తుంటే ఇప్పుడొకటి గుర్తొచ్చింది, పొద్దుణ్ణించీ ఎందుకు గుర్తు రాలేదో. ఆ రాత్రి రూముకొచ్చాక ఆయనతో నేనే అన్నా, ఇది ఎవ్వరికీ చెప్పకండి, ముఖ్యంగా పుణెలో మన అమ్మాయికి, ఈ వయసులో ఇద్దరే వెళ్ళొద్దు ప్యాకేజీలో వెళ్ళండని అది మొత్తుకుంది, తెలిస్తే ఇంకెక్కడికీ వెళ్ళనివ్వదు అని. ఒట్టు కూడా వేయించుకున్నా. ఇవాళ చిన్నొదిన కూతురు "ఏ ఇబ్బందీ పడలేదా మామయ్యా?" అని అడిగితే "ఏమీ లేదమ్మా" అని నావైపొకసారి చూశారు. తన తప్పు దాచుకుంటున్నారనుకుని నేను మొహం తిప్పేసుకున్నా. ఆటోలో మద్దిలపాలెం దాటేదాకా నోరు విప్పలేదు. ఆయన మాట నిలబెట్టుకుంటున్నారు, రెండేళ్ళయినా. నేనేమో మర్చిపోయి ఇప్పుడు ఇక్కడ రాసేస్తున్నా, చదివినవాళ్ళు దానికి చెప్పకండి.

ఒకవేళ అందుకే వెళ్ళాను, ఎక్కాను అంటున్నారేమో, నన్ను కలిపితే ఆ ఏడుపు కూడా కలపాల్సొస్తుందని? అలా అనుకుంటే కాస్త మనసు కుదుటపడుతోంది. కానీ అలా కూడా వద్దు నాకు. ఏడ్చానని చెప్పినా ఫర్వాలేదు, తప్పు స్టేషన్లో నిలబడ్డామని చెప్పినా ఫర్వాలేదు, ఒట్టు తీసి గట్టు మీద పెడతా. నిలబడ్డాం అనాలి. నన్నక్కణ్ణించి తీసెయ్యకూడదు. మంచిరోజులన్నీ ఆయనవి, చెడ్డరోజు ఎవరిదీ కాదు అంటే ఎలా? వచ్చే వేసవిలో జార్జియా అంటున్నారు, అక్కడి అక్షరాలు ముప్పై మూడేనట, మనవాటిలాగే గుండ్రంగా ఉన్నాయి, నోట్సులో రాయడం మొదలెట్టా. ఈసారి టికెట్ మీద ప్రతి మాటా అడుగుతా, సమాధానం చెప్పేదాకా పడుకోనివ్వను.

ఇప్పుడే మంచినీళ్ళకి లేచొచ్చారు. ఇంకా పడుకోలేదేంటి అన్నారు. "చోర్సు బజార్లో క్యారెట్లు అడిగింది ఎవరండీ?" అని అడిగా. గ్లాసు పట్టుకుని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, "నువ్వే కదా, నేను ద్రాక్ష దగ్గరున్నా" అన్నారు. మరి పొద్దున్న అలా చెప్పారేంటి అని అడిగేలోపు వెళ్ళి పడుకున్నారు. రేపు కాఫీ దగ్గర అడుగుతా.